ఎడమ వైపు ట్రే

"మా అమ్మని ఆకలితో చంపేస్తున్నారండీ," అంది జయంతి, కుర్చీలో కూర్చోకముందే.

1987 ఆగస్టు. అమెరికాలోని అరోరా ఊళ్లో డ్రైక్లీనింగ్ షాపు పైన ఉన్న ఇరుకు గదే వసుమతి డిటెక్టివ్ ఆఫీసు. ఇన్సూరెన్స్ కంపెనీలో సుఖమైన ఉద్యోగం వదులుకుని ఆమె దగ్గర అసిస్టెంటుగా చేరినవాడు శ్యామ్‌సుందర్. చేరినందుకు ఇంతవరకూ చింతించలేదు.

"నెమ్మదిగా చెప్పు తల్లీ," అంది వసుమతి.

"స్ట్రోక్ వచ్చి అమ్మకి కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది. ముసలివాళ్లని చూసుకునే కౌంటీ నర్సింగ్ హోమ్‌లో జాయిన్ చేశాను. అన్నం ముట్టడం లేదట, హిందూ ఉపవాసాలట! మా అమ్మ సీతమ్మగారు ఒక్క పూట ఆకలికి ఆగే మనిషి కాదండీ. ఆదివారాలు నేను తినిపిస్తే ఆవురావురుమని తింటుంది. ఇంటికి తీసుకుపోతానంటే, ఆ ఉపవాసాలు చేయిస్తున్నది నేనేనని అడ్డుపడ్డారు. ఇప్పుడు బయటి ఫుడ్డు కూడా బంద్."

"హోమ్ బాగోగులు చూడ్డానికి కౌంటీ బోర్డుకి ఆరోగ్య కమిటీ ఉండాలి కదా?"

"ఉంది. తొలి ఏకాదశి నాడు తనిఖీకొచ్చి అంతా భేష్ అని వెళ్లారు. ఆ రోజు నేను గుళ్లో ఉన్నాను. శుక్రవారం మళ్లీ కూర్చుని, అమ్మని నాకు ఇవ్వాలో వద్దో తేలుస్తారట. వద్దంటే అమ్మ ఇక దక్కదు."

"ఉపవాసమని వాళ్లకి చెప్పిందెవరు?"

"హిందూ ఆచారాలు తెలిసిన వారెవరో అంటున్నారు. పేరు చెప్పరు."

వసుమతి, శ్యామ్‌సుందర్ హోమ్‌కి వెళ్లారు. గుమ్మంలోనే 'ఉత్తమ సంరక్షణ' అని రాసిన షీల్డు తళతళలాడుతోంది. లోపల మంచం మీద సీతమ్మ ఎముకల గూడులా ఉంది. మంచానికి ఎడమ వైపు బల్ల మీద ట్రే, అందులో చల్లారిపోయిన బంగాళాదుంప ముద్ద, ఫోర్కు, చెంచా. ఆమె ఎడమ చెయ్యి దుప్పటి కింద దాచుకుంది. తెర అవతలి మంచం దగ్గర ఫోర్కు ప్లేటుకి టకటకా కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"పనిచేసే చెయ్యి ఉన్న వైపే పెడతాం. ముట్టుకోదు. కాసేపు చూసి తీసేస్తాం," అంది మేనేజర్ మిసెస్ డెలానీ. "మేం అన్ని మతాలనీ గౌరవిస్తాం."

"ఎవరైనా తినిపించి చూశారా?"

"చెయ్యి ఆడేవాళ్లకి తినిపించడానికి మా దగ్గర మనుషుల్లేరు."

వసుమతి చెంచాతో ఆ ముద్దే తీసి నోటికి అందించింది. సీతమ్మ గబుక్కున నోరు తెరిచింది, ట్రే ఖాళీ అయ్యేదాకా మళ్లీ మళ్లీ తెరిచింది. దుప్పటి కింద దాగిన ఆ ఎడమ చేతి వైపు వసుమతి చాలాసేపు చూసింది.

కమిటీ చైర్మన్ హాఫ్‌మన్ మంచివాడిలాగే ఉన్నాడు. మంచితనం తప్ప పెద్దగా ఏమీ లేనట్టు కూడా ఉన్నాడు. "తనిఖీ రోజు కళ్లారా చూశాను. నర్సు చెంచాతో పెరుగన్నం పెడుతుంటే ఎంత ఇష్టంగా తిందో! ఉపవాసాలు మిగతా రోజుల్లో అట."

ఆ కమిటీకి వైద్య సలహాదారు డాక్టర్ రాధాకృష్ణ. తెలుగు సంఘంలో పెద్దమనిషి, రేపో మాపో కౌంటీ ఆరోగ్య డైరెక్టర్ కాబోతున్నాడని వినికిడి. "ఆ పేషెంట్‌ని నేను చూడనేలేదమ్మా. నా జాబ్ అడ్వైజ్ చేయడం వరకే. ఆచారాలంటారా, నేనొచ్చి ఇరవై ఏళ్లయింది. అవన్నీ ఎప్పుడో మర్చిపోయాను," అన్నాడు నవ్వుతూ.

శుక్రవారం కమిటీ గదిలో అందరూ చేరారు. వసుమతి స్టీలు డబ్బా మూత తీసి, "గుడి ప్రసాదం, కాదనకండి," అంటూ లడ్డూలు పంచింది. హాఫ్‌మన్ కుడి చేతిలో పెన్ను ఉంది, ఎడమ చెయ్యి చాపి తీసుకున్నాడు. డెలానీ కూడా అంతే. డాక్టర్ కుడి చేతిలో కాఫీ కప్పు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, కుడి చెయ్యి పట్టి, లడ్డూ కళ్లకద్దుకున్నాడు.

"కప్పు ఎందుకు కింద పెట్టారు డాక్టర్‌గారూ?"

"అదేం ప్రశ్న?"

"ఇరవై ఏళ్లలో అన్నీ మర్చిపోయారుగా! ఎడమ చెయ్యి ఖాళీగానే ఉందే."

వసుమతి చైర్మన్ వైపు తిరిగింది.

"మా పెద్దవాళ్లు ప్రాణం పోయినా ఎడమ చేత్తో ముద్ద ఎత్తరు సార్. సీతమ్మగారి కుడి చెయ్యి చచ్చుబడింది. ఎడమ వైపు ట్రే పెట్టి, ముట్టలేదని తీసేస్తే అది ఉపవాసం కాదు, మాడ్చడం. పైగా మీరు పెరుగన్నం తింటుండగా చూసిన రోజు తొలి ఏకాదశి. ఉపవాసాలుండే మనిషి ఏడాదిలో ఏ రోజు తిన్నా ఆ రోజు మాత్రం అన్నం ముట్టదు. ఆవిడకి పెరుగన్నం ఇష్టమనీ, చెంచాతో పెట్టాలనీ ఈ హోమ్‌కి చెప్పగలిగింది తెలుగువాళ్లే. జయంతి చెప్పలేదు. ఈ హోమ్‌తో సంబంధమున్న తెలుగువాళ్లలో ఇక మిగిలింది మీ సలహాదారు ఒక్కరే."

డెలానీ బల్ల మీద చెయ్యి వేసింది. "ఆయనే చెప్పాడు. తనిఖీ రోజు తినిపించండి, తక్కిన రోజులు ఉపవాసం అనండి, కమిటీ మతం జోలికి రాదు అన్నాడు."

"ఒకరికి నర్సుని పెడితే అందరికీ పెట్టాలి," డాక్టర్ గొంతు చిరాగ్గా ఉంది. "ఉన్న కొద్దిమంది స్టాఫ్‌తో అది అయ్యే పని కాదు. ఆవిడ ఈ స్థితిలో బయటికెళ్లినా కౌంటీ రేటింగ్ పడిపోతుంది. మీకు అడ్మినిస్ట్రేషన్ తెలీదు."

"అంకుల్," అంది జయంతి. "మా ఇంట్లో కూర్చుని, మా అమ్మ కలిపి పెట్టిన పెరుగన్నం మీరు తిన్నారు."

కంచే చేను మేస్తుందని వినడమే గానీ, మేసి మూతి తుడుచుకోవడం శ్యామ్‌సుందర్ అప్పుడే చూశాడు. డాక్టర్ రుమాలు తీసి, లడ్డూ అంటిన వేళ్లు ఒక్కొక్కటే శుభ్రం చేసుకుంటున్నాడు. వీడితో ఒకే గదిలో గాలి పీల్చడం కూడా అసహ్యమనిపించింది.

హాఫ్‌మన్ ముఖం కందిపోయింది. సీతమ్మని వెంటనే కూతురికి అప్పగించమనీ, డాక్టర్ మీద విచారణ మొదలుపెట్టమనీ అక్కడికక్కడే ఆదేశించాడు. తనే స్వయంగా వార్డుకి వచ్చాడు, క్షమాపణ చెప్పాలట.

జయంతి తల్లిని చక్రాల కుర్చీలోకి ఎక్కిస్తోంది. అవతలి మంచం దగ్గర మళ్లీ అదే టకటక. శ్యామ్‌సుందర్ వెళ్లి తెర లాగాడు. ఒక తెల్ల ముసలమ్మ వణికే చేత్తో ఫోర్కు పట్టుకుని ఉంది. బఠాణీలన్నీ పక్క మీద దొర్లుతున్నాయి, నోటి దాకా ఒక్కటీ చేరలేదు. ఆమె మెడ కింది ఎముకలు కూడా సీతమ్మవి లాగే పొడుచుకొచ్చాయి.

"ఈవిడది ఏ మతం సార్?" అన్నాడు శ్యామ్‌సుందర్.

హాఫ్‌మన్ తెర దగ్గరికొచ్చి చూశాడు. "కమిటీని మళ్లీ పిలుస్తాను," అన్నాడు.

వసుమతి ట్రేలోంచి చెంచా తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పిలుద్దురు గానీ, ముందు ఈవిడకి పెట్టండి."