బొటనవేలి కింది నాడి

మధ్యాహ్నం భోజనాల వేళ డిటెక్టివ్ ఆఫీసు గదిలోకి ఒక నర్సు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. యూనిఫాం మీద పేరు బిళ్ళ పీకేసిన చోట గుడ్డ చిరిగి ఉంది.

"సాయంత్రంలోగా నన్ను పోలీసులకి అప్పగిస్తారు సార్. డ్యూటీలో నిద్రపోయి మనిషిని చంపానంటున్నారు. నేను నిద్రపోలేదు... పోలేదనే అనుకుంటున్నా."

ఆ చివరి మాట వినగానే డిటెక్టివ్ కంచం ముందునుంచి లేచాడు. తనమీద తనకే నమ్మకం పోయిన మనిషి ఎదురుగా ఉంటే ఆయనకు ముద్ద దిగదు. అసిస్టెంటుగా పనిచేసే మేనకోడలు క్యారేజీ మూత పెట్టి వెంట నడిచింది. మావయ్య ఆవులించినా అందులో ఏదో మర్మం ఉంటుందని ఆమె నమ్మకం.

నర్సు దారిలో జరిగింది చెప్పింది. ఊపిరితిత్తులు పాడైన ఒక పెద్దాయన ఆమె వార్డులో విడిగదిలో ఉన్నాడు. వేలికి తగిలించిన క్లిప్పు ఆయన నాడినీ, రక్తంలో ఆక్సిజన్‌నీ కొలిచి నర్సు బల్ల మీది తెరకు పంపుతుంది. క్లిప్పు ఊడినా, అంకె పడిపోయినా మిషన్ కూత పెడుతుంది. ఆ ఉదయం అది ఒక్కసారి కూసి ఊరుకుంది. తరువాత అంకెలు మునుపెన్నడూ లేనంత బాగున్నాయి. మందు పనిచేసిందని సంతోషించి ఆమె మిగతా రోగుల పనిలో పడింది. డాక్టరు రౌండ్స్‌కి వచ్చేసరికి పెద్దాయన ఒళ్ళు చల్లబడి ఉంది. అప్పుడు గాని మిషన్ గోల పెట్టలేదు.

ఆసుపత్రిలో పెద్దాయన కొడుకు నిప్పులు కక్కుతున్నాడు. ఉదయమంతా తను మందుల కోసం ఊరంతా తిరిగాడట. మిషన్‌లో లోపం లేదని తేలింది కాబట్టి తప్పు నర్సుదేనని అతని వాదన. వేళకు పిలిచి ఉంటే బతికేవాడేమోనని డాక్టరు నెమ్మదిగా అన్నాడు. ఆ మాటకు నర్సు గోడకు చేరగిలబడిపోయింది.

శవాన్ని తీసుకెళ్ళిపోయినా ఆయన భార్య, పెద్దావిడ, మాత్రం ఆ ఖాళీ మంచం దగ్గరే కూర్చుని ఉంది. డిటెక్టివ్ ఆమె ముందుకు స్టూలు లాక్కున్నాడు.

"మీరు గదిలోనే ఉన్నారామ్మా?"

"ఎక్కడికి పోతాను నాయనా? రోజుల తరబడి కంటిమీద కునుకు లేదు ఆయనకి. ఈ పొద్దున పట్టింది. చెయ్యి పట్టుకునే కూర్చున్నా, ఇదిగో ఇలా." ఆమె మేనకోడలి మణికట్టు మీద తన బొటనవేలు అదిమింది. "నాడి కొడుతూనే ఉంది. చివరిదాకా కొట్టింది."

డిటెక్టివ్ ఆ బొటనవేలిని చాలాసేపు చూశాడు. తరువాత డాక్టర్ని ఒక్కటే అడిగాడు. ఆ ఉదయం తెర మీద ఆక్సిజన్ తొంభై తొమ్మిది చూపింది. అంతకుముందు ఎప్పుడైనా అంత ఉందా? తొంభై దాటిన రోజే లేదని డాక్టరు చెప్పాడు.

అప్పుడు ఆయన అందర్నీ మంచం చుట్టూ పిలిచాడు.

"మిషన్ అబద్ధం చెప్పలేదు. ఎవరి వేలికి పెడితే వాళ్ళ సంగతే చెబుతుంది. పాడైన ఊపిరితిత్తులు ఒక్క పూటలో తొంభై తొమ్మిదికి రావు. ఆ వేలు పెద్దాయనది కాదు. నర్సు గదిలోకి రాలేదు, కొడుకు ఊళ్ళో ఉన్నాడు."

ఆయన క్లిప్పు తీసి పెద్దావిడ వేలికి తగిలించాడు. తెర మీద తొంభై తొమ్మిది వెలిగింది.

"వేలు నొక్కేస్తోంది, తీసెయ్యవే అని బతిమాలాడు నాయనా," అందావిడ, దాచడానికేమీ లేనట్టు. "తీస్తే అది అరుస్తుంది, ఆయన నిద్ర చెడుతుంది. అందుకని నేను పెట్టుకున్నా. డాక్టరుగారి అడుగులు వినబడితే, తిడతారని మళ్ళీ ఆయనకే పెట్టేశా. అయినా నేను నాడి చూస్తూనే ఉన్నాగా?"

మావయ్య చెప్పే ఆఖరి మాట కోసం ఎప్పుడూ చెవులు కోసుకునే మేనకోడలు, ఈసారి ఆయన ఊరుకుంటే బాగుండుననుకుంది. "చాలు సార్," అని నర్సు కూడా గొణిగింది.

కానీ పెద్దావిడ ఆయన మొహంలోకే చూస్తోంది. ఆమెకు జవాబు కావాలి.

"ఈ మంచం కమ్మీని అలాగే పట్టుకోండమ్మా," అన్నాడు డిటెక్టివ్.

ఆమె ఇనుప కమ్మీ మీద బొటనవేలు గట్టిగా అదిమి, తల వంచి, ఊపిరి బిగబట్టింది.

"ఇక్కడా కొడుతోంది నాయనా," అంది.

మధ్యాహ్నం నుంచీ నిలబడే ఉన్న నర్సు వచ్చి ఆమె పక్కన కూర్చుంది.