ఓబులపతి దాహం

"టెస్టు కోసం ఏదో ఒక మాట ఇవ్వండి సార్. చిన్నదైనా ఫరవాలేదు," అంది డాక్టర్ సుంకమ్మ.

తిమ్మరాజు కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. ఎర్రగుట్ట నియోజకవర్గానికి పాలక పక్షం అభ్యర్థి ఆయన. చొక్కా కాలరు కిందికి లాగి, మెడ వెనక వెంట్రుకలు మొదలయ్యే చోట గుండీ అంత బిళ్ల ఒకటి అతికించింది సుంకమ్మ. ఎన్నికల అధికారి హాలంతా విలేకరులతో నిండిపోయింది. మాటలివ్వడం తిమ్మరాజుకు కొత్త కాదు కదా, హాయిగా నవ్వాడు.

"వీధికొక బోరు వేయిస్తా!"

సుంకమ్మ టాబ్లెట్ మీద వేలు ఆనించింది. కాసేపటికి తిమ్మరాజు పెదవులు తడుపుకున్నాడు. మంచినీళ్లు అడిగాడు. గ్లాసు ఖాళీ చేసి ఇంకో గ్లాసు అడిగాడు. ఆఖరికి పక్కవాడి చేతిలో బాటిల్ లాక్కుని చొక్కా తడిసేలా తాగాడు.

"ఏమ్మా ఇది? గొంతులో ఇసుక పోసినట్టుందే!"

"మాట వెనక్కి తీసుకోండి."

"తీసుకుంటి తల్లీ, తీసుకుంటి! బోర్లూ లేవు, ఏమీ లేవు!"

హాలంతా ఘొల్లుమంది. మర్నాటికి తిమ్మరాజు మేనిఫెస్టో మొత్తం మారిపోయింది. అందులో మిగిలింది ఒక నమస్కారమూ, అందరూ చల్లగా ఉండాలన్న ఆకాంక్షా.

ఈ బిళ్ల అసలు పేరు ప్రామిస్ చిప్. జనం దాన్ని మాటబిళ్ల అన్నారు, ఆ పేరే నిలిచింది. అది చేసే పని అర్థం చేసుకోవడం కష్టం కాదు. మనకు దాహం గొంతులో పుట్టదు, మెదడులో పుడుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గి రక్తంలో ఉప్పు ఎక్కువైతే మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోట గంట మోగుతుంది. అప్పుడు మనం నీళ్లకోసం లేస్తాం. సుంకమ్మ చిప్ మెడలోని వేగస్ నరం గుండా చిన్న చిన్న విద్యుత్ పల్స్‌లు పంపి ఆ గంటను ఊరికే మోగిస్తుంది. ఒంటి నిండా నీళ్లున్నా దాహం తీరదు. రక్తపరీక్షలో ఏమీ దొరకదు, ప్రాణానికి ప్రమాదమూ లేదు. బాధ మాత్రం అసలు సిసలుది.

నీళ్ల మాటకు దాహం, రోడ్డు మాటకు నడుం నొప్పి, కరెంటు మాటకు ఉక్కపోత. ప్రచారంలో అన్న ప్రతి మాటా చిప్‌లో నమోదవుతుంది. ఓడినవాళ్లకు లెక్కింపు రోజునే ఊడదీస్తారు. గెలిచినవాడికి ప్రమాణ స్వీకారం రోజున మొదలవుతుంది. మాట ఎంత నెరవేరితే బాధ అంత తగ్గుతుంది, మొత్తం నెరవేరితే బిళ్ల దానంతటదే రాలిపోతుంది. బలవంతంగా పీకితే జైలు. రాజీనామా చేసినా ఐదేళ్లూ వదలదు. కొత్త చట్టం అంత గట్టిగా రాశారు, రాయించింది కూడా సుంకమ్మే.

ఆ చట్టాన్ని మొదట ఎక్కడ పరీక్షించాలని పై అధికారులు అడిగితే ఆమె ఎర్రగుట్ట పేరు చెప్పింది. పాతికేళ్లుగా అక్కడ పాతుకుపోయిన ఎమ్మెల్యే వయసు మీదపడి తప్పుకున్నాడు. ఆయనకు పిల్లల్లేరు. అంతకాలానికి సీటు ఖాళీ అయ్యేసరికి పోటీకి ముగ్గురు దిగారు. ఒకరు తిమ్మరాజు. రెండో మనిషి గౌసియా, మందుల షాపు నడుపుకుంటూ పార్టీ అండ లేకుండా నిలబడ్డ ఆడమనిషి. మూడోవాడు ఓబులపతి, పాత ఎమ్మెల్యే కుడిభుజం. ఆయన సభలకు జనాన్ని తోలిందీ, ఆయన కాన్వాయ్‌లు నడిపిందీ అన్నీ ఇతనే. సుంకమ్మ ఎదురుచూసింది ఇతని మెడ కోసమే.

ఓబులపతి కుర్చీలో కూర్చుంటూనే చేయి అడ్డం పెట్టాడు. "నాకు టెస్టు అక్కర్లే మేడమ్. ఇట్లాంటివి శానా చూసినాం. అతికించు." తర్వాత మైకుల వైపు తిరిగాడు. "ఎర్రగుట్టలో ప్రతి ఇంటికీ కొళాయి! ప్రతి కొళాయికీ పొద్దునా సాయంత్రం నీళ్లు! ఇది ఓబులపతి మాట!"

సుంకమ్మ బిళ్లను అతని మెడకు ఆనించి బొటనవేలితో గట్టిగా అదిమింది. అవసరమైనదానికంటే ఎక్కువసేపే అదిమింది.

ఆమెది ఎర్రగుట్ట పరిధిలోని నాగులపెంట. పదో తరగతి చదివే రోజుల్లో ఒక ఎండాకాలం ఎన్నికలొచ్చాయి. ఊరికి ట్యాంకరు వస్తేనే నీళ్లు. ఆ రోజు ట్యాంకరు వచ్చింది గానీ ఊళ్లోకి రాలేదు. ఎమ్మెల్యే తెల్లబట్టల మీద దుమ్ము పడకూడదని ఓబులపతి దాన్ని ఊరి బయటే ఆపి, నీళ్లన్నీ మట్టిరోడ్డు మీద పోయించాడు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వెనకాలే పరిగెత్తి బతిమాలితే "రేపొస్తుంది పోండి" అని కసిరాడు. అంతటితో ఆగలేదు. నాయకుడి కాళ్ల మీద ఇంటికొక బిందె నీళ్లు పోసి స్వాగతం చెప్పాలన్నాడు. పోయకపోతే పింఛను పోతుందన్న భయంతో సుంకమ్మ తల్లి తిప్పక్క ఇంట్లో మిగిలిన ఒక్క బిందె తెచ్చి ఆ కాళ్ల మీద కుమ్మరించింది. తర్వాత ఖాళీ బిందె చంకన పెట్టుకుని మిట్టమధ్యాహ్నం గుట్ట అవతలి బావికి బయల్దేరింది.

ఆమెను వెతుక్కుంటూ వెళ్లింది సుంకమ్మా, ఆమె స్నేహితురాలు గౌసియా. ఇప్పుడు పోటీలో ఉన్న గౌసియానే. తిప్పక్క గుట్ట దిగేచోట ప్రాణం లేకుండా పడి ఉంది. వడదెబ్బ. బిందెలో చుక్క లేదు. ఇద్దరూ ఏడుస్తూ ఊళ్లోకి వచ్చేసరికి అన్ని నీళ్లు తాగిన ఆ రోడ్డు ఎండిపోయి మళ్లీ దుమ్ము లేస్తోంది.

తర్వాత సుంకమ్మ పెద్ద చదువులు చదివి మెదడులో దాహం పుట్టే చోటు మీద పరిశోధన చేసింది. ముసలివాళ్లకు దాహం తెలియక వడదెబ్బ తగులుతుంది కాబట్టి వాళ్లకు దాహం గుర్తుచేసే యంత్రం చేసింది. ఎంత దయగల సైంటిస్టో అని పత్రికలు రాశాయి. ఆ యంత్రాన్నే తిరగేసి ఈ బిళ్ల చేసినప్పుడు ఆమె మనసులో దయ వీసమంతైనా లేదు. నన్నడిగితే ఉండాల్సిన పనీ లేదు.

ప్రచారం ముగియబోతుండగా ఒక టీవీ చానెల్లో సుంకమ్మను అడిగారు, ఎవరి మాటను నమ్మవచ్చని. "ఓబులపతిగారి మాట చిప్‌లో పూర్తిగా నమోదైంది. గెలిస్తే తప్పించుకోలేరు," అందామె. అందులో అబద్ధం ఒక్క ముక్కా లేదు. కానీ ఓబులపతి మనుషులు ఆ వీడియోను ఊరూరా తిప్పారు. నీళ్లకు సైంటిస్టు గ్యారంటీ ఇచ్చిందని జనం చెప్పుకున్నారు.

ఆ సాయంత్రమే గౌసియా ఫోన్ చేసి షాపుకు పిలిచింది. టీ పోసి ముందు పెట్టింది.

"ఏంది సుంకీ ఇది? వానికి ప్రచారం చేస్తాండావా?"

"ఓడిపోతే బిళ్ల ఊడదీస్తారు గౌసియా. వాడు గెలవాల."

"పైపులైన్ పదేండ్ల కిందటే వచ్చింది. నీళ్లన్నీ వాల్వు దగ్గర తిరిగి ఓబులపతి దానిమ్మ తోటల్లోకి పోతాండాయి. నేను కోర్టులో కొట్లాడతాండేది దానికే. నేను గెలిస్తే ఏడాదిలో సగం ఊర్లకన్నా తెస్తా. మిగిలిన సగం తేలేనని జనానికి చెప్పినా. ఎందుకు చెప్పినావని అందరూ తిట్టినారు."

"వాడు తోటలు ఎండబెట్టుకోడు. ఐదేండ్లు నాలుక పిడచకట్టుకుని తిరగతాడు. నాకు అది చాలు."

గౌసియా ఆమె మొహంలోకి సూటిగా చూసింది. "నీకు నీళ్లు కావల్నా, వాని దాహం కావల్నా?"

"వాని దాహం."

గౌసియా కప్పు ఆమె వైపు జరిపింది. "టీ తాగు, చల్లారిపోతాంది," అంది.

పోలింగ్ రోజు సుంకమ్మ నాగులపెంటకు వెళ్లి, తల్లిని చంపినవాడికి ఓటేసి వచ్చింది. ఓబులపతి గౌసియా మీద బొటాబొటిగా గెలిచాడు.

ప్రమాణ స్వీకారం చేస్తూ చేస్తూనే అతని గొంతు ఆరిపోయింది. ఆఖరి వాక్యం బయటికి రాలేదు. ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్లినా వెనకాల ఒకడు నీళ్ల క్యాన్ మోసుకుంటూ తిరిగాడు. అసెంబ్లీలో తాగాడు, పెళ్లిళ్లలో తాగాడు, పాడె ముందు నిలబడి తాగాడు. డాక్టర్లు పరీక్షలు చేసి నిక్షేపంగా ఉన్నారన్నారు. నిద్ర లేక కళ్లు లోపలికి పోయాయి. సుంకమ్మ టీవీలో అదంతా చూస్తూ కడుపు నిండా భోంచేసింది. ఇన్నేళ్లలో అన్నం అంత రుచిగా ఎప్పుడూ లేదు.

చివరికి ఓబులపతి ఆమె ల్యాబ్‌కు వచ్చాడు, ఒంటరిగా. సుంకమ్మ ఒక జగ్గు నిండా చల్లటి నీళ్లు బల్ల మీద పెట్టి కూర్చోమంది.

"తీసేయ్ మేడమ్. నీకేం కావాలన్నా ఇస్తా."

"చూసుకుని మాట్లాడండి. అది కూడా మాటే అవుతుంది."

అతను జగ్గు ఎత్తి తాగాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. సుంకమ్మ ఆ గొంతు కదలడం చూస్తూ, ఏళ్ల తరబడి దాచుకున్న ప్రశ్న అడిగింది.

"నాగులపెంట తిప్పక్క గుర్తుందా?"

"యా తిప్పక్క?"

"ట్యాంకరు నీళ్లు రోడ్డు మీద పోయించినావు. మా అమ్మ గుట్ట దిగతా దిగతా చచ్చిపోయింది. నేను తిప్పక్క కూతుర్ని!"

ఓబులపతి నిజంగానే ఆలోచించాడు. నుదురు ముడుచుకుని, కళ్లు మూసుకుని గుర్తుతెచ్చుకోవాలని చూశాడు. "ఎన్ని ఊర్లు తిరిగినాం, ఎన్ని ట్యాంకర్లు పోయించినాం. లేదమ్మా, గుర్తుకు రాలే," అన్నాడు. అబద్ధం చెప్పడం లేదు. ఈ ఘట్టాన్ని సుంకమ్మ మనసులో వేలసార్లు నడిపించి చూసుకుంది. అతను భయపడటం, ఏడవడం, కాళ్లు పట్టుకోవడం అన్నీ ఊహించింది. గుర్తులేకపోవడం ఒక్కటి ఊహించలేదు. ఒళ్లు మండిపోయింది.

"అయితే ఐదేండ్లు తాగతా కూర్చో! పో బయటికి!"

అతను లేచాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"మీ అమ్మ పేరు ఏమంటివి?"

"తిప్పక్క."

"తిప్పక్క," అని ఒకసారి తనలో అనుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఓబులపతి స్వయంగా వెళ్లి వాల్వు తిప్పాడు. అంతే, వాల్వు తిప్పాడు! తోటలకు పోయే నీళ్లు ఊళ్ల వైపు మళ్లాయి. ఒక ఊరికి నీళ్లందగానే దాహం పిసరంత తగ్గింది. ఆ పిసరు రుచి చూశాక అతన్ని ఆపేవాళ్లు లేకపోయారు. పైపులు లేని ఊళ్లకు పైపులు వేయించాడు. ఫైలు కదలకపోతే ఆఫీసరు బల్ల ముందు కూర్చుని క్యాన్ ఎత్తి తాగేవాడు, ఆ తాగడం చూడలేక ఆఫీసరు సంతకం పెట్టేవాడు. దానిమ్మ చెట్లు నిలువునా ఎండిపోయాయి. అతను వాటి వంక చూడలేదు. మళ్లీ ఎండాకాలం వచ్చేలోపు నియోజకవర్గంలో కొళాయి లేని ఇల్లు లేదు. ఒక సభలో మాట్లాడుతుండగా బిళ్ల రాలి వేదిక మీద పడింది. జనం దాన్ని కళ్లకద్దుకున్నారు.

పాతికేళ్లు కానిది ఒక్క ఏడాదిలో అయింది. అంటే ఎప్పుడైనా అయ్యేదే. ఆ సంగతి సుంకమ్మను వదల్లేదు.

నాగులపెంటలో ప్రారంభోత్సవానికి రమ్మని ఆమె పిన్నమ్మ రామక్క ఫోన్ చేసింది. "నువ్వు రాకుంటే ఎట్లమ్మా? మీ అమ్మ పేరే పెట్టినారు," అంది. సుంకమ్మకు మొదట అర్థం కాలేదు. ఊళ్లో కారు దిగాక అర్థమైంది. తిప్పక్క తాగునీటి పథకం అని రోడ్డుకు అడ్డంగా బ్యానరు. తల్లి ఓటరు కార్డు ఫోటోను పెద్దది చేయించి వేశారు. దాని పక్కన అంతకు రెండింతలు ఓబులపతి ఫోటో, దండం పెడుతూ.

"నీళ్లు లేక ఒక తల్లి ప్రాణం పోయింది!" అంటున్నాడు మైకులో. "ఆ తల్లి ఉసురే నా గొంతు పట్టుకుంది. ఆ తల్లి కోసమే నా తోటలన్నీ ఎండబెట్టుకుంటి!" ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. ట్యాంకరు సంగతి ఎత్తినవాళ్లు ఒక్కరూ లేరు. చూసినవాళ్లు అక్కడే ఉన్నారు, వాళ్ల ఇళ్లలో ఇప్పుడు కొళాయిలున్నాయి.

రామక్క నిండు బిందె తెచ్చి సుంకమ్మ చేతుల్లో పెట్టింది. "మీ అమ్మ తరపున నువ్వే పోయాల. పొయ్యమ్మా, ఊరంతా చూస్తాంది."

ఓబులపతి చెప్పులు విడిచి ముందుకొచ్చి నిలబడ్డాడు. కాళ్లు శుభ్రంగా ఉన్నాయి, దుమ్ము లేదు. సుంకమ్మ అతని వెనకాల రోడ్డు వైపు చూసింది. ఊరి పొలిమేర దాకా తడిగా ఉంది. కాన్వాయ్ వస్తుందని పొద్దున్నే కొళాయికి గొట్టం తగిలించి తడిపారు.

చేతిలో బిందె బరువుగా ఉంది. దాన్ని అతని నెత్తి మీద వేసి కొట్టాలనిపించింది. ఎదురుగా రామక్క మొహం వెలిగిపోతోంది. ఆ ముసలిది జన్మలో మొదటిసారి ఇంటి ముందు బిందె నింపుకుంది. సుంకమ్మ వంగి, తల్లి కుమ్మరించినట్టే, ఓబులపతి కాళ్ల మీద నీళ్లు కుమ్మరించింది. ఊరంతా ఈలలు, చప్పట్లు.

ఓబులపతి దండం పెట్టి దగ్గరికి వంగాడు. "వచ్చే ఎన్నికలకు రోడ్ల మాట ఇస్తాండా మేడమ్. బిళ్ల రెడీ చేసి పెట్టు," అన్నాడు మెల్లిగా.

జనాన్ని తోసుకుని సుంకమ్మ పక్క సందులోకి వచ్చేసింది. అక్కడ కొళాయి దగ్గర గౌసియా చేతులు కడుక్కుంటోంది. సుంకమ్మను చూసి ఒక గ్లాసు నింపి అందించింది.

"తాగు. మంచి నీళ్లు."

సుంకమ్మ తాగింది. గ్లాసు తిరిగిచ్చి ఇంకోటి అడిగింది. అదీ తాగి మళ్లీ చేయి చాపింది. గౌసియా పోస్తూనే ఉంది. ఎన్ని తాగినా గొంతు ఆరిపోతూనే ఉంది. సుంకమ్మ మెడ వెనక, వెంట్రుకలు మొదలయ్యే చోట చేయి పెట్టి తడుముకుంది. అక్కడ ఏమీ లేదు.