నా ఎదుట సంతకం చేశారు

ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో తడివేలితో తాకి చూసింది ప్లీడరమ్మ. ముప్పై నాలుగేళ్ళుగా పొద్దున్నే ఆమె మొదటి పని తన భర్త వకీలుగారి నల్లకోటుకి ఇస్త్రీ చేయడం. ఆవిడ చట్టం చదవలేదు, కోర్టు గుమ్మం తొక్కలేదు. అయినా ఉప్పు దగ్గర్నుంచి ఊళ్ళో సంగతుల దాకా దేనిమీదైనా ఎదుటివాళ్ళ నోరు మూయించగలదని వీధంతా కలిసి పెట్టిన పేరు అది. పైకి విసుక్కునేది గానీ, ఆ పేరంటే ఆమెకు మహా ఇష్టం.

ఆ రోజు మాత్రం కాలరు మీద ఒకే చోట మూడుసార్లు రుద్దింది. పది గంటలకి వకీళ్ళ మండలి క్రమశిక్షణ కమిటీ ముందు ఆయన నిలబడాలి. అటూ ఇటూ అయితే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఇక ఆ కోటు తొడుక్కునే హక్కు ఉండదు.

గొడవంతా ఒక కాగితం గురించి. ఆరేళ్ళ కిందట ఒక పెద్దావిడ తన ఇల్లు కొడుక్కి దానంగా రాసిచ్చినట్టు దస్తావేజు పుట్టింది. అడుగున వకీలుగారి నోటరీ సీలు, "నా ఎదుట సంతకం చేశారు" అని ఆయన గుండ్రటి చేతిరాత. నిరుడు ఆ కొడుకు తల్లిని బయటికి పంపి ఇల్లు అమ్మకానికి పెడితే, అసలు ఆ కాగితం మొహమే తాను చూడలేదని పెద్దావిడ ఫిర్యాదు చేసింది.

వకీలుగారి ఆఫీసు రెండో అంతస్తులో ఉండేది. మెట్లెక్కలేని ముసలివాళ్ళు వస్తే ఆయనే సీలు జేబులో వేసుకుని దిగి, కారు దగ్గర నిలబడి సంతకం చేయించుకునేవారు. అలాంటప్పుడు రిజిస్టరులో పేరు పక్కన "కింద" అని రాసుకోవడం ఆయన అలవాటు. మోకాళ్ళ నొప్పులతో మెట్టెక్కలేని ఆ పెద్దావిడ పేరు పక్కన ఆ మాట లేదు.

ఇరవయ్యేళ్ళుగా ఆయన్నే నమ్ముకున్న గుమాస్తా రాత్రంతా నిద్ర మానుకుని ఉపాయం ఆలోచించి, తెల్లారేసరికి వచ్చి కూర్చున్నాడు. అయ్యగారు కిందికి దిగారనీ, రాయడం మర్చిపోయారనీ చెబితే చాలునట. తానే కళ్ళారా చూశానని ప్రమాణం చేస్తాడట. ప్లీడరమ్మ అతనికి రెండో కప్పు టీ కూడా పోసింది.

"చెప్పడానికి మీకేం అడ్డమండీ?" అంది కోటు మడతపెడుతూ. "ఇన్నేళ్ళలో ఒక్క మాట. ఎవరి నోరు కొట్టారని?"

పలికింది కూతురు. ఆ పిల్లా వకీలే. తండ్రి తరఫున మాట్లాడాల్సిందీ తనే. రిజిస్టరు బల్లమీద పెట్టి, తేదీ మీద వేలుంచింది.

"నాన్నా, ఇది నేను వకీలుగా ప్రమాణం చేసిన రోజు."

ఆ రోజు ప్లీడరమ్మకు బాగా గుర్తు. పన్నెండింటికి ప్రమాణం. పదకొండున్నర దాటినా ఆయన రాలేదని మూడుసార్లు ఫోను చేసి, కూతురికంటే కాగితాలే ఎక్కువా అని దులిపేసింది కూడా. సరిగ్గా అప్పుడే ఆ కొడుకు తల్లి సంతకం ఉన్న కాగితంతో వచ్చాడు, అమ్మ ఇంట్లోనే చేసిందన్నాడు. పాత కక్షిదారు కాబట్టి ఆవిడ సంతకం వకీలుగారికి కొట్టిన పిండి. చివరి అక్షరం దగ్గర చెయ్యి వణుకు కూడా తెలుసు. ఆ పరిచయమే కొంప ముంచింది. దొంగ సంతకంలో దించిన ఆ వణుకు చూసి నమ్మి, సీలు వేసి పరుగెత్తారు.

"అయితే నా వల్లే," అంది ప్లీడరమ్మ.

"ఫోను నువ్వు చేశావు. సంతకం నేను పెట్టాను," అన్నారాయన మెల్లగా. "పిచ్చిదానా, నేను దిగానని చెప్తే నా కోటు నాకుంటుంది. ఆవిడ ఇల్లు పోతుంది. ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యమంటావు?"

ఎన్నో వాదాలు గెలిచిన ప్లీడరమ్మ ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆ పెద్దావిడ గురించి ఆలోచించలేదు. మడతపెట్టిన కోటు విప్పి, తనే ఆయనకు తొడిగింది. చెప్పులేసుకుని తానూ బయల్దేరింది.

కమిటీ గదిలో వెనక బెంచీ మీద కూర్చున్నాక చూసుకుంటే, పక్కనే కర్ర పట్టుకుని ఆ పెద్దావిడ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ముందుకే చూస్తూ కూర్చున్నారు.

కమిటీ అధ్యక్షుడు వకీలుగారితో కలిసి చదువుకున్నవాడే. ఆయనే దారి చూపించాడు. కిందికి దిగి ఉంటారనీ, తొందరలో రాయడం మరిచి ఉంటారనీ, కాస్త గుర్తు తెచ్చుకోమనీ అన్నాడు. ప్లీడరమ్మ కొంగు గుప్పిట్లో నలిపేసింది. ఔనంటారేమోనని ఆమెకు భయం వేసింది. పొద్దున ఔననమని పోరింది తనేనని అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

"దిగలేదండీ," అన్నారు వకీలుగారు. "ఆవిడ నా ఎదుట లేరు. ఉన్నారని రాశాను. అది అబద్ధం. ఆ కాగితం చెల్లదని నా నోటి మాటగానే రాసుకోండి."

కూతురు లేచింది. తండ్రి తప్పు చేయలేదని ఒక్క మాటా అనలేదు. ముప్పై నాలుగేళ్ళ నడవడిక చూసి, పేరు కొట్టేయకుండా కొంతకాలం పని ఆపించమని మాత్రం అడిగింది. గంట తర్వాత తీర్పు చదివారు. పేరు కొట్టేశారు. చదువుతూ అధ్యక్షుడు రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

వరండాలో పెద్దావిడ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి ఆయన ఎదురుగా ఆగింది.

"నన్ను రోడ్డున పడేసింది నీ సంతకమే. మళ్ళీ ఇంట్లో కూర్చోబెట్టిందీ నీ నోరే. నాలుగు తిట్టిపోదామని వచ్చాను నాయనా. ఒక్కటీ రావట్లేదు."

వకీలుగారు చేతులు జోడించారు. అప్పుడు కారాయి కళ్ళనీళ్ళు. ప్లీడరమ్మ తన కొంగుతో తుడిచింది, అందరూ చూస్తున్నారని కూడా అనుకోలేదు.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళితే, అక్కడ అప్పటికే వకీలుగారు నిలబడి కూతురి కోటుతో కుస్తీ పడుతున్నారు. కోటు చేతిమీద ఒకటికి రెండు మడత గీతలు పడ్డాయి. కూతురు కిసుక్కున నవ్వి, ఆ గీతలతోనే వేసుకుపోతానంది.

గోడ అవతల్నుంచి పక్కింటావిడ గొంతు తగ్గించి, జాలిగా అడిగింది, నిన్న కేసు ఏమైందని.

ప్లీడరమ్మ గొంతు తగ్గించలేదు. వీధి చివరింటికి కూడా వినబడేలా చెప్పింది.

"పేరు కొట్టేశారమ్మా. అబద్ధమాడితే ఉంచేవాళ్ళు, మా ఆయన ఆడలేదు."