పసుపు బస్తాలో పుర్రె

మార్కెట్‌కు పోయే ప్రతి బస్తాలోంచి ఓ పసుపు కొమ్ము తీసి, పుటుక్కున విరిచి, రంగు చూస్తే గాని ముత్తెమ్మ బండెక్కించనివ్వదు. ఆర్మూర్ వ్యాపారులకైనా తనంత చూపు లేదని ఆమె గొప్ప. ఆ ఉదయం మూలనున్న బస్తాలో చెయ్యి పెడితే గుండ్రంగా ఏదో తగిలింది. లాగి చూస్తే పుర్రె, అదీ పచ్చగా మెరుస్తూ.

ఆమె కేకకు ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చారు. మెడిసిన్ మొదటి సంవత్సరం చదివే మనవరాలు గంగామణి తేలు కుట్టిన దొంగలా నిలబడింది. సెలవుల్లో చదువుకోవడానికి కాలేజీ నుంచి తెచ్చుకుంది దాన్ని. నాయనమ్మ కంట పడకూడదని, ఇంటి వాడకానికి ఉంచిన బస్తా అనుకుని అందులో దాచింది.

"లచ్చిమసొంటి పసుపుల పీనుగ తలకాయ పెడ్తవా పిల్లా?"

"ఒకపారి పరీక్ష తప్పిన నాయనమ్మా. మల్ల తప్పితే సదువు ఎనుకవడ్తది."

"పడనియ్యి. కాశీరాం, దీని సదువన్న మాన్పియ్యి, నన్నన్న పెర్కిట్‌ల నీ తమ్మునింటికి తోలియ్యి."

గంగామణి తండ్రి కాశీరాం తల్లి మాట జవదాటని మనిషి. "సదువు సంగతి మల్ల సూద్దాం బిడ్డ," అన్నాడు నేల చూపులు చూస్తూ. ఆయన "మల్ల" అంటే ఇక లేనట్టేనని ఇంట్లో అందరికీ తెలుసు. గంగామణికి ఏడుపు ముంచుకొచ్చింది.

అయినా పుర్రె ఉన్న ఇంట్లో క్షణం ఉండనంటూ ముత్తెమ్మ బట్టల మూట చంకన పెట్టుకుని విసవిసా బయల్దేరింది. కోపంలో తల వంచడం మరిచి దర్వాజ కమ్మీకి గట్టిగా కొట్టుకుంది. చీరంతా నెత్తురు. కాశీరాం దోసెడు పసుపుపొడితో ఉరికొచ్చాడు.

"వద్దు బాపు." గంగామణి ఉతికిన తువ్వాలు మడిచి గాయం మీద అదిమిపట్టింది.

"సచ్చిపోతున్ననే బిడ్డా."

"ఏం గాదు. ఎముక మీద నెత్తికి ఐదు పొరలుంటయ్. రెండో పొరల నెత్తురు నరాలు తెగితే జల్ది మూసుకోవు. అందుకే గింత కారుతది. అదిమితే ఆగుతది."

"మరి పసుపెందుకొద్దంటవ్?" అడిగాడు కాశీరాం.

"నాలుగో పొర వదులుగుంటది. అండ్ల మురికి పడితే పుర్రె లోపలికి, మెదడు మీది పొరల దాక పోవచ్చు."

నెత్తురు ఆగింది. దవాఖానలో కుట్లు వేసిన డాక్టరు, అదిమిపట్టిందెవరో గాని మంచి పని చేశారన్నాడు. రిక్షాలో తిరిగొస్తూ ముత్తెమ్మ మెల్లగా అడిగింది.

"గివన్ని నీకెట్ల ఎరుక?"

"గా పుర్రెను ముంగట పెట్టుకునే నేర్చుకున్న."

సాయంత్రం గంగామణి పుస్తకం తీసేసరికి, బల్ల మీది పుర్రె నాయనమ్మ ఉన్ని శాలువా కప్పుకుని ఉంది.

"గిదేంది నాయనమ్మా?"

"నాకు ఐదు పొరలున్నయ్, మీదికెళ్లి పట్టీ. గీమెకు ఒక్కటి గూడ లేదాయె. సలికాలం గద బిడ్డ."

గంగామణి నవ్వబోయి, ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేసింది. ముత్తెమ్మ ఆ తలను వేళ్లతో నిమిరింది.

"ఎవ్వలి తల్లో ఏమో, నీకు సదువు జెప్పెతందుకు మనింటికొచ్చింది. లేసి సదువుకో. మీ బాపుకు నేను జెప్త."