మోకాలి తప్పేమీ లేదు

కొండదారుల్లో నడిచేవాళ్లకు సామాను అమ్మే ఆ దుకాణంలో ఒక నియమం ఉంది. నిక్కరు కొనేవారు ఎంతటివారైనా సరే, దాన్ని తొడుక్కుని, ఇసుక మూటలు నింపిన సంచి వీపున వేసుకుని, వెనక గదిలోని చెక్కమెట్లు నలభైసార్లు ఎక్కి దిగాలి. తరువాత గొంతుక్కూర్చుని లేవాలి. అద్దం ముందు నిలబడితే ప్రతి నిక్కరూ మంచిదిగానే కనిపిస్తుందనీ, నడిచినప్పుడే దాని గుణం బయటపడుతుందనీ యజమానురాలి సిద్ధాంతం. కుట్టుమిషన్ దగ్గర కూర్చునే అక్క కూతురికి ఆవిడ నేర్పిన మొదటి పాఠమూ అదే.

ఆ నియమాన్ని ఎదిరించిన మొదటి మనిషి లేసులబ్బాయి.

ఆ పేరు పెట్టింది యజమానురాలైన పిన్నే. మూడు వారాల్లో మూడుసార్లు వచ్చాడతను. మూడుసార్లూ నిక్కర్లు వేలాడదీసిన వరుస దాకా నడిచి, కుట్టుమిషన్ వైపు ఒక్క చూపు చూసి, చెవులు ఎర్రబడగా, బూటు లేసులు ఒక జత కొనుక్కుని వెళ్లిపోయాడు.

"ఏమే, ఆ అబ్బాయికి కాళ్లెన్ని?" అంది పిన్ని.

"నాకేం తెలుసు? నేను లెక్కపెట్టలేదు."

"లేసుల కోసం వచ్చినవాడు లేసుల వైపు చూడాలి కదా అని."

అమ్మాయి తలెత్తలేదు. కానీ మిషన్ కింద తిన్నగా సాగుతున్న కుట్టు ఒక అంగుళం మేర వంకర పోయింది.

నాలుగోసారి అతను వానలో తడిసి ముద్దయి వచ్చాడు. చేతిలోని ప్లాస్టిక్ కవర్లోంచి పాత నిక్కరు ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"ఈ సైజుది ఒకటి కావాలండీ. ఏ రంగైనా ఫర్వాలేదు. ప్యాక్ చేసేయండి."

"ట్రయల్ వేయాలి," అంది అమ్మాయి.

"అక్కర్లేదండీ, నా సైజు నాకు తెలుసు."

"నిక్కరుకి కూడా మీ సంగతి తెలియాలిగా," అందామె. "ఎంత దూరం నడుస్తారు?"

"పన్నెండు రోజులు. రెండు వందల నలభై కిలోమీటర్లు."

అతని ఉద్యోగం దారులు కొలవడం. ఒక చక్రాన్ని కర్రకు తగిలించి కొండదారి పొడవునా నెట్టుకుంటూ పోయి, ప్రతి మైలురాతి దగ్గరా దూరం సరిగ్గా ఉందో లేదో రాసుకోవాలి. పోయినేడు నాలుగోరోజునే ఆగిపోయాడు. ఈసారి కూడా ఆగిపోతే దారులు ఇంకొకరికి అప్పగించి, తనను ఆఫీసులో బల్ల ముందు కూర్చోబెడతారట.

"కూర్చుంటే ఏమవుతుంది?" అందామె.

"ఏమీ అవదండీ. అదే భయం."

ఆ జవాబు ఆమెకు నచ్చింది. నచ్చినకొద్దీ మరింత శ్రద్ధగా అడిగింది. "పోయినసారి ఎందుకు ఆగారు? ఎక్కడైనా ఒరుసుకుందా?"

దుకాణంలో అప్పుడు మరో ఇద్దరు ఉన్నారు. వాళ్లిద్దరూ ఇటు తిరిగారు. అతను పైకప్పు చూశాడు, నేల చూశాడు.

"మోకాలు," అన్నాడు.

"ఏ మోకాలు?"

"కుడి... ఎడమ. రెండూ అనుకోండి."

"ఒరుసుకోవడం కాదు కదా?"

"ఛ ఛ! అలాంటిదేం లేదండీ! మోకాలే."

తరువాత జరిగినదంతా ఆ ఒక్క మాట నుంచే పుట్టింది. మోకాలి బాధ ఉన్నవాడికి కాలు ధారాళంగా ఆడాలి. కనుక ఆమె పొట్టిగా, వెడల్పుగా ఉండి, లోపలి పొర లేని నిక్కరు ఎంచి ఇచ్చింది. అతను నలభైసార్లు మెట్లెక్కాడు, గొంతుక్కూర్చున్నాడు, లేచాడు. ఇబ్బందేమీ కనిపించలేదు. ఆ పరీక్షకు పట్టేది పావుగంట. చెమట పట్టి, ఎండి, ఉప్పు తేలడానికి మూడు గంటలు కావాలి. పరీక్షలోని ఆ లోపం అంతవరకూ ఎవరి బుర్రకూ తట్టలేదు.

"ఎల్లుండి తెల్లారే బయల్దేరుతున్నానండీ," అని గుమ్మం దాకా వెళ్లి, వాన వైపూ ఆమె వైపూ చూసి, ఇంకేదో చెప్పబోయి, గొడుగు లేకుండానే పరుగెత్తాడు. పాత నిక్కరు కౌంటర్ మీదే ఉండిపోయింది.

మూడోనాడు పొద్దున్న, అంటే అతను నడక మొదలుపెట్టిన కొద్ది గంటలకు, ఆమె దాన్ని మడతపెట్టబోయి ఆగిపోయింది. కిటికీ వెలుగులో తిరగేసి చూసింది.

"పిన్నీ, ఇటు రా. ఈ మనిషి అబద్ధం చెప్పాడు."

మోకాలి నొప్పి ఉన్నవాడు ఒక కాలి మీదే బరువు వేస్తాడు. అలాంటివాడి నిక్కరు ఒక పక్కే అరుగుతుంది. ఇది రెండు పక్కలా సమానంగా, తొడల లోపలివైపు మాత్రమే అరిగింది. నూలు పీచులు లేచి ముళ్లకంపలా ఉంది. పైగా అనుభవం లేని చెయ్యేదో అక్కడ రుమాలు ముక్క ఒకటి అతికించి కుట్టింది.

"కాటన్ కదా," అంది పిన్ని. "చెమటంతా తాగి, ఎండి, గరుకు కాగితమై కూర్చుంటుంది. పాపం, నాలుగు రోజులు ఎలా నడిచాడో!"

"నేనిచ్చింది దీనికంటే ఘోరం పిన్నీ. అది పొట్టిది, పైకి జరుగుతుంది. తొడకి తొడ తగులుతుంది. మూడోరోజుకే కూలబడతాడు."

"చెప్పనివాడిది తప్పు."

"నలుగురిలో నిలబెట్టి అడిగినదాన్ని నేను. నాదీ తప్పే."

ఆ రోజూ మర్నాడూ మిషన్ ఆగలేదు. తేలిగ్గా ఆరిపోయే బట్ట తీసుకుంది. లోపల తొడల సగం దాకా ఒంటికి అంటిపెట్టుకునే మెత్తని పొర పెట్టింది. రెండు కాళ్ల కుట్లూ ఒకచోట పోగుపడకుండా మధ్యలో ఒక ముక్క వేసింది. ప్రతి కుట్టునూ బల్లపరుపుగా పరిచి, వేలితో తడిమి చూసింది. సంచి బెల్టు ఒత్తే చోట గుండీ లేకుండా వెడల్పాటి సాగేపట్టీ కుట్టింది.

"పార్సిల్ పంపొచ్చుగా?" అంది పిన్ని.

"మూడు రోజులు పడుతుంది."

"అవునవును. నువ్వైతే బస్సులో ఒక్కపూటలో చేరతావు. పైగా పార్సిల్ అయితే నీలా కొత్తచీర కట్టుకుని వెళ్లలేదు."

"పిన్నీ!"

మూడోరోజు సాయంత్రం ఆమె బస్సు దిగేసరికి, మూడో మజిలీ వసారాలో అతను కాళ్లు దూరంగా చాపుకుని కూర్చున్నాడు. చక్రం గోడకు ఆనించి ఉంది. చేతిలో ఫోన్. ఆమెను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు.

"లేవకండి. ఫోన్ ఎవరికి?"

"ఆఫీసుకి. ఇక నా వల్ల కాదని... మోకాలు..."

"ఆ మోకాళ్ల ఉసురు పోసుకోకండి. మీ పాత నిక్కరు చూశాను."

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి మాటలు వచ్చాయి. "మీరలా సూటిగా చూస్తుంటే, తొడలు ఒరుసుకుపోయాయని ఏ నోటితో చెప్పనండీ?"

"డాక్టరుకైతే చెప్పరూ?"

"డాక్టరు నవ్వితే నాకేం కాదు."

వసారా ముందు చినుకులు మొదలయ్యాయి. ఆమె తన సంచిని తడవకుండా లోపలికి జరిపింది. ఒక అనుమానం మాత్రం గుచ్చుతూనే ఉంది. "అంటే, అన్నిసార్లు దుకాణానికి వచ్చింది నిక్కరు కోసమే అన్నమాట."

"మొదటిసారి నిక్కరు కోసమే."

"తరువాత?"

"నా బూట్లు చూడండి."

చూసింది. వాటికి లేసులే లేవు. అంటించుకునే పట్టీలు.

ఆమెకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుకు అతనికీ సగం బాధ తగ్గింది. మిగతా సగానికి మందు రాసుకుని, మర్నాడంతా కదలకుండా ఉండాలి. అయితే ఒక రోజు ఆగడానికి ఆఫీసు అనుమతి కావాలి, అనుమతికి కారణం చెప్పాలి.

"నిజం చెప్పండి," అందామె. "నాకు చెప్పడం అయిపోయింది కదా, ఇంకెవరికైనా సులువే."

అతను ఫోన్ చేశాడు. "మేడమ్, ఒక రోజు సెలవు కావాలి. మోకాలు కాదండీ. పోయినేడు కూడా మోకాలు కాదు. తొడలు ఒరుసుకుపోయాయి. సిగ్గుపడి చెప్పలేదు."

అవతల కుర్చీ కిర్రుమంది. అతని మొహం పాలిపోయింది.

"ఓరి నాయనా!" అంది అధికారిణి గొంతు, వసారా అంతా వినబడేలా. "నీ మోకాళ్ల మీద నేను మూడు పేజీల రిపోర్టు రాశానయ్యా! దారి మొదట్లో 'మోకాళ్లు జాగ్రత్త' అని బోర్డు కూడా పెట్టించాం!"

"చూశానండీ. దాని ముందు నుంచి తల వంచుకుని వచ్చాను."

"రెండు రోజులు తీసుకో. మా ఆయనా ఇంతే, పెళ్లయిన ఏడాదికి గానీ నోరు విప్పలేదు. మరి మంచి నిక్కరుందా?"

అతను అమ్మాయి వైపు చూశాడు. "వచ్చిందండీ," అన్నాడు.

ఆ రెండు రోజులూ ఆమె మజిలీలోని ఆడవాళ్ల గదిలో ఆగింది. సెలవు అయిన మర్నాటి పొద్దున్న, ఆమె మొదటి బస్సెక్కేముందు, అతను కొత్త నిక్కరులో చక్రం నెట్టుకుంటూ వసారా వెనక ఉన్న ఏటవాలు ఎక్కాడు. ఆమె జీవితంలో ఏ కుట్టు కోసమూ అంతగా ఊపిరి బిగబట్టలేదు. పైనుంచి దిగుతూ దిగుతూ అతను పరుగందుకున్నాడు. చక్రం అతనికంటే ముందు దూకుతోంది.

"ఎక్కడా తగలట్లేదండీ! అసలు వేసుకున్నట్టే లేదు!"

"ఆ మాట అంత గట్టిగా అరవకండి," అంటూ చుట్టూ చూసిందామె.

ఆ రెండు విశ్రాంతి దినాలతో కలిపి, పద్నాలుగోరోజు సాయంత్రం అతను చివరి రాయి దగ్గరికి చేరాడు. అక్కడ పిన్నీ, అమ్మాయీ నిలబడి ఉన్నారు. అతను ముందు రాతి మీది అంకె చూసి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టి, అప్పుడు తలెత్తాడు. ఈ క్రమం పిన్నికి బాగా నచ్చింది.

"ఎలా ఉందబ్బాయ్ మా పిల్ల పనితనం?"

"బ్రహ్మాండంగా ఉందండీ. కాకపోతే..." అని ఆగి, అమ్మాయినే సూటిగా చూస్తూ అన్నాడు, "నిన్నటి నుంచీ నడుము దగ్గర కొంచెం జారుతోంది."

పిన్ని మొహం విప్పారింది. "విన్నావుటే? ఎదురుగా నిలబడి వంక పెట్టాడు. ఇక ఈ అబ్బాయితో భయం లేదు. మీ వాళ్లని ఎప్పుడు రమ్మంటావు నాయనా?"

"అమ్మకి పొద్దున్నే ఫోన్ చేశానండీ. ఆదివారం వస్తానంది."

అమ్మాయి ముందుకొచ్చింది. పద్నాలుగు రోజులుగా గుండెలో పట్టి ఉంచుకున్న ఊపిరిని నెమ్మదిగా వదిలి, అతని నడుము పట్టీలోకి రెండు వేళ్లు పోనిచ్చి, వదులెంతో చూసింది.

"మీరే చిక్కిపోయారు. అరంగుళం బిగించాలి. ఇంటికెళ్లగానే కుట్టేస్తాను."

ఎవరింటికని ఎవరూ అడగలేదు. పిన్ని చక్రం అందుకుని ముందు నడిచింది.