టర్బో చల్లారేదాకా

పొగ పరీక్షల సెంటర్లో పనిచేసే ఇన్‌స్పెక్టరుకి ఆ పాత టర్బో డీజిలు కారంటే ప్రాణం. కారంటేనా, కారులో వచ్చే అమ్మాయంటేనా అని అడిగితే మాత్రం చెవులు ఎర్రబడేవి.

మొదటి రోజే గొడవ. స్టీరింగ్ ముందు ఆమె తండ్రి బిగదీసుకుని కూర్చున్నారు. రిటైరైన ఫైరాఫీసరు. మీసం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"ఆక్సిలరేటర్ ఫుల్‌గా నొక్కాలి సార్. అప్పుడే పొగెంతో మిషన్‌కి తెలుస్తుంది. కాస్త దిగితే నేను నొక్కుతాను."

"పొగ గురించి నాకు చెప్తున్నావా? సర్వీసంతా పొగలోనే బతికాను! అసలు ఈ ఇంజిను సంగతి తెలుసా నీకు? రెండు లీటర్లు, కాస్ట్ ఐరన్ బ్లాకు, తొంభై హార్స్‌పవర్. రెండు వేల ఆర్‌పీఎం దాటితే కొండనైనా లాగుతుంది. ఈరోజు వరకూ రిపేరుకని హెడ్డు విప్పలేదు. నీ వయసెంత?"

"ఇరవై తొమ్మిది సార్."

"నీకంటే చిన్నది. నీకంటే బుద్ధిమంతురాలు."

పక్క సీట్లో అమ్మాయి కిసుక్కున నవ్వింది. "ఆయన సంబంధం కోసం రాలేదు నాన్నా, పొగ చూడ్డానికొచ్చాడు. ఊరికే కంగారుపెట్టకు."

ఇన్‌స్పెక్టరు నిజంగానే కంగారుపడ్డాడు, కానీ అది ఆ నవ్వుకి. చేతిలో ఉన్న గొట్టాన్ని సైలెన్సరులో పెట్టబోయి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

చివరికి పెద్దాయనే నొక్కారు. పెడలు సగం దిగి ఆగింది. "ఇదే ఫుల్లు," అన్నారు. ఇంజిను గొణిగింది, వెనక నల్లటి పొగ లేచింది, మిషన్ మీద ఎర్ర లైటు వెలిగింది.

ఆ తరవాత ఎయిర్ ఫిల్టరు మార్పించుకొచ్చారు. ఫెయిల్. ఇంజెక్టర్లు కడిగించుకొచ్చారు. అదీ ఫెయిల్. వచ్చిన ప్రతిసారీ పెద్దాయన స్పెసిఫికేషన్లు మొదటినుంచీ చదివేవారు, అమ్మాయి ఆయన వెనక నిలబడి పెదాలు కదిపి నటించేది. ఆమె డ్రైవింగ్ స్కూల్లో టీచరు. ఊళ్లో సగంమందికి క్లచ్చు వదలడం నేర్పింది. సొంత నాన్న మాత్రం ఈ బండి తాళం ఆమె చేతికి ఇవ్వరు.

"ఏం పొగబాబూ, ఈసారైనా కరుణిస్తారా?" అనేది.

పొగబాబు కరుణించేవాడే. కానీ పాసైతే ఆమె మళ్లీ ఏడాదిదాకా రాదు. రూలు ప్రకారం ఇంకోసారి ఫెయిలైతే బండి తుక్కుకి పోతుంది, కూతురినిమ్మని అడిగేందుకు ఆ గడప తొక్కే యోగం కూడా దాంతోపాటే పోతుంది. రెండు వైపులా కొంప మునిగేదే. పాపం, అన్నం కూడా సరిగ్గా సయించక చిక్కిపోయాడు.

ఆఖరి అవకాశం రోజున అమ్మాయి వాళ్లమ్మ కూడా వచ్చింది. ఇన్‌స్పెక్టరు ధైర్యం కూడదీసుకున్నాడు.

"సార్, ఇంజినుకి ఏ రోగమూ లేదు. మీరు మరీ మెల్లగా తోలడంవల్ల ఇంజినుకి గాలి ఊదే టర్బో నిండా మసి పేరుకుపోయింది. బైపాస్ మీద ఒక్కసారి గట్టిగా పరిగెత్తిస్తే ఊడిపోతుంది."

"పరిగెత్తించడమా? నా వల్ల కాదు."

"మీ వల్ల కాకపోతే మీ అమ్మాయి ఉన్నారుగా."

పెద్దాయన మొహం పాలిపోయింది. అమ్మాయి చెయ్యి చాపింది. తుక్కా, కూతురా అని చాలాసేపు ఊగిసలాడి, ఆయన తాళం ఆమె అరచేతిలో పెట్టి, భార్య పక్కన వెనక సీట్లో కూలబడ్డారు. ఆర్‌పీఎం చూసే వంకతో ఇన్‌స్పెక్టరు ముందు సీటు సంపాదించాడు.

బైపాస్ ఎక్కాక అమ్మాయి నొక్కింది. పెడలు సగంలో ఆగింది. బండి పక్కకి ఆపి, వంగి, మ్యాటు కింద చెయ్యి పెట్టి టేపు చుట్టిన పొట్లం ఒకటి పీకింది. టేపు విప్పితే టీవీ రిమోటు.

"నా రిమోటు!" అని అరిచింది అమ్మ. "కుక్క ఎత్తుకుపోయిందన్నావు కదయ్యా! ఆ కుక్కని ఎన్ని తిట్లు తిట్టాను! సీరియల్ మధ్యలో లేచి లేచి నా మోకాళ్లు అరిగిపోయాయి!"

"మందం సరిగ్గా సరిపోయింది," అన్నారు పెద్దాయన నేల చూపులు చూస్తూ.

"ఎందుకు నాన్నా?"

ఆయన తన అరచేతులు చూసుకున్నారు. "నువ్వు డ్రైవింగ్ నేర్చుకుంటానన్న రోజు పెట్టాను. నుజ్జయిన కార్లలోంచి పిల్లల్ని బయటికి లాగిన చేతులమ్మా ఇవి. బండి అరుగుతుందని కాదు, నాకు భయమేసింది."

అమ్మాయి వెనక్కి తిరిగి నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. "జాగ్రత్తగానే తోలతాను, చూస్తూ ఉండు," అని గేరు వేసింది.

కారు వెనక నల్లటి మేఘం లేచింది. అందులో ఒక స్కూటరువాడు మాయమై, తిట్లతో సహా అవతల తేలాడు. ఆర్‌పీఎం ముల్లు ఏళ్ల తరబడి చూడని అంకెలు చూసింది. అప్పుడు ఇంజిను లోపల్నించి సన్నగా ఈల వినిపించింది.

"టర్బో!" అన్నారు పెద్దాయన. "కొన్న కొత్తలో ఇలాగే ఈలేసేది!" ఆయన కళ్లనిండా నీళ్లు.

సెంటరుకి రాగానే వేడిమీదే పరీక్ష. గొట్టం పెట్టొచ్చి ఇన్‌స్పెక్టరు మళ్లీ సీట్లో కూర్చున్నాడు. అమ్మాయి ఆఖరిదాకా నొక్కింది. పచ్చ లైటు.

అందరూ చప్పట్లు కొట్టారు, ఇన్‌స్పెక్టరు తప్ప. వాడి ప్రాణం ఉసూరుమంది. దిగిపోదామని తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఆగు!" అన్నారు పెద్దాయన. "టర్బో చల్లారేదాకా ఇంజిను ఆపకూడదు. ఇంజిను ఆపేదాకా ఎవరూ దిగకూడదు. మా ఇంట్లో రూలు."

అందరూ బుద్ధిగా కూర్చున్నారు. ఇంజిను గుడగుడమంటోంది. పారిపోయే దారి లేదు. ఇన్‌స్పెక్టరు కళ్లు మూసుకుని అనేశాడు.

"మీ బండి పాసవకూడదని మనసులో మొక్కుకున్నాను సార్. పాసైతే మీ అమ్మాయి ఇక రారు కదా అని. నాకు ఆవిడంటే ఇష్టం. చాలా ఇష్టం."

ఇంజిను కూడా ఒక్క క్షణం తడబడినట్టయింది.

"రిలయబిలిటీ ఎంత?" అన్నారు పెద్దాయన మీసం మెలేస్తూ.

"స్టార్టవడం కాస్త లేటు సార్. స్టార్టయ్యాక ఆగను."

"లేటంటే మామూలు లేటా!" అంది అమ్మాయి ఓరకంట చూస్తూ. ఆమె చెవులూ ఎర్రగానే ఉన్నాయి.

అమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అదా సంగతి! మన వీధి చివరే ఇంకో సెంటరుంటే, అక్కడ మిషన్ పనిచెయ్యదు నాన్నా అని ప్రతిసారీ ఇంత దూరం తిప్పావుటే?"

అమ్మాయి హారన్ తుడుస్తున్నట్టు నటించి, పొరపాటున మోగించింది.

పెద్దాయన గొంతు సవరించుకుని మళ్లీ "కాస్ట్ ఐరన్ బ్లాకు..." అని మొదలెట్టబోయారు. అమ్మ రిమోటు ఆయన మొహానికి గురిపెట్టి మీట నొక్కింది.

"సరే," అన్నారాయన. "సరే, సరే. ముందు అది దించవే. ఏవమ్మా, ఇక ఇంజిను ఆపు, చల్లారింది."

అమ్మాయి తాళం మీద చెయ్యి వేసింది కానీ తిప్పలేదు. ఇన్‌స్పెక్టరు వైపు చూసింది.

"ఇంకాసేపు ఉండనీ నాన్నా. ఇంకా వేడిగానే ఉంది."

ఫైరాఫీసరు గారు సీటుకి చేరగిలబడ్డారు. ఆయనకి తెలియని వేడా?