ఒడి పడవ

రెండువేల తొంభై ఒకటి నాటికి గుంతకొండ పల్లంలో వేరుశనగ మాట మరిచిపోయారు. వానలు ఇటు మళ్లి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడక్కడ పది కిలోమీటర్ల సరస్సు. ఆదివారం వస్తే ఊళ్లో సగం మంది నీళ్లమీదే ఉంటారు.

ఓబులేసు ముప్పై ఏళ్లు బోరుబావుల్లో మోటార్లు దింపినవాడు. మొదటి పడవ కొనడానికి వచ్చి, రేవులో అడిగిన మొదటి మాట ఇది.

"నీళ్లెన్ని అడుగులుండాయి మేడం?"

"నడుమ తొంభై," అంది పడవను కనిపెట్టిన డాక్టర్ షంషాద్.

"అట్లయితే ఐదు గుర్రాల మోటారు చాలు."

షంషాద్ నవ్వాపుకుంది. "ఈ మోటారు నీళ్లు తోడదండీ, పడవను తోస్తుంది. లోతుతో పనిలేదు."

వెనక నిలబడ్డ బావమరిది మద్దిలేటి మాత్రం నవ్వాపుకోలేదు. "నన్నడుగు బావా. కేరళలో రెండుసార్లు పడవెక్కినోన్ని."

ఆ రేవులో ఒకటే రకం పడవ. పేరు ఒడి పడవ. రూపస్మృతి పదార్థం, అంటే షేప్ మెమరీ పాలిమర్‌తో చేసింది. కూర్చున్నవారి నాడి, అరచేతి చెమట, ఒరిగే బరువు దాని సెన్సర్లకు తెలుస్తాయి. దాన్నిబట్టి అడుగు వెడల్పవుతుంది, అంచులు లేస్తాయి, మోటారు తన వేగానికి తానే హద్దు పెట్టుకుంటుంది. గంటసేపు అలా మారి, ఆ తర్వాత సిమెంటులా గట్టిపడుతుంది.

"ఏది కావాలో మీరు చెప్పక్కర్లేదు. మీ ఒళ్లే చెబుతుంది," అంది షంషాద్.

మోకాలు దాటి నీళ్లు తగిలితే ఓబులేసుకు ఊపిరాడదు. పెళ్లయిన కొత్తలో, తనకు ఈత బాగా వచ్చని భార్య చౌడమ్మకు చెప్పాడు. నలభై ఏళ్లుగా ఆ మాట అలాగే ఉంది. ఇప్పుడామె గట్టుమీద నిలబడి చూస్తోంది.

ఎక్కి కూర్చున్నాడు. అంచు పట్టుకున్న వేళ్లు సడలించాడు. కూనిరాగం కూడా తీశాడు. తాడు వదిలారు. పడవ పది బారలు పోయిందో లేదో చిన్న అల తగిలింది. కిర్రుమని అడుగు విచ్చుకుంది. అంచులు చంకలదాకా లేచాయి. ఎంతసేపైనా అవి మళ్లీ దిగలేదు.

పడవను ఒడ్డుకు లాగుతుంటే మద్దిలేటి అన్నాడు. "పడవడిగితే కుడితితొట్టి ఇచ్చిందే బావా. బర్రెను తోలుకోని రమ్మంటావా?"

చౌడమ్మ నవ్వలేదు. "నీకు ఈత రాదా?"

"రాదు."

"ఈ మాట ముందే చెప్పింటే ఏమయ్యేది? నీళ్లకాడ ఎవరు కేకేసినా, ఈ మనిషి దుంకుతాడేమోనని నలభై ఏండ్లు నా పానం కొట్టుకుండె." చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పడవలోకి అడుగుపెట్టింది. "ఇంత వెడల్పుంటే నేనూ వస్తా. జరుగు."

ఓబులేసు జరిగాడు. ఇన్నేళ్లుగా గుండెల్లో మోసిన బండ ఎవరో దించినట్టయింది.

"అట్లగాదు కూర్చునేది. నేను చూపిస్తా ఉండండి," అంటూ మద్దిలేటి కూడా ఎక్కాడు.

పడవ మళ్లీ కిర్రుమంది. రెండు పక్కలా జానెడు జానెడు పెరిగింది. అంచులు మద్దిలేటి భుజాలదాకా వచ్చి ఆగాయి. వేగపు హద్దు చూపే ముల్లు పన్నెండు నుంచి ఆరుకు పడింది.

మద్దిలేటి రెండు చేతులతో అంచు పట్టుకుని అటు కొండ వైపు చూస్తున్నాడు.

షంషాద్ గడియారం చూసింది. "గట్టిపడడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. ఆయన దిగితే ముందటిలాగే చిన్నదవుతుంది. దించమంటారా?"

ఓబులేసు బావమరిది చేతుల వైపు ఒకసారి చూశాడు. వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి.

"ఉండనీలే మేడం. మావోడు గూడా వస్తాంటాడు గదా," అన్నాడు. "ఇట్లనే గట్టిపడనీ."